చేట ఎత్తులో కెమెరా

ఉత్తర తెలంగాణ ఆడవాళ్ల బతుకు సినిమాల్లో ఉంది. కాకపోతే వేరే ఊళ్ల పేర్లతో, వేరే భాషల్లో ఉంది. అట్ల తీసినవాళ్లలో ఎక్కువమంది మహిళా దర్శకులే.

బీడీకి కావలసిన సరుకు పెద్దగా ఏమీ ఉండదు. తునికాకు, జర్దా, దారం. ఆకు ఆదిలాబాద్ అడవుల్లో దొరుకుతుంది. ఎండలు ముదిరే ఏప్రిల్, మే నెలల్లో తెల్లారకముందే అడవికి పోయి కోసుకొచ్చి, 50 ఆకులకు ఒక కట్ట కట్టి, కల్లంలో అప్పజెప్పేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. జర్దా దూరం నుంచి వస్తుంది. ఈ దేశంలో బీడీ పొగాకుకు పేరుపడ్డ ప్రాంతాలు ముఖ్యంగా రెండు: గుజరాత్‌లో చరోతర్, కర్ణాటక-మహారాష్ట్ర సరిహద్దులో నిప్పాణి. ఆకూ పొగాకూ కలిసేది సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ ఇళ్ల అరుగుల మీద, ఒక ఆడమనిషి ఒళ్లోని చేటలో.

ఆకు కోసే ఆమె, పొగాకు జల్లించే ఆమె, బీడీ చుట్టే ఆమె. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూసి ఉండరు. వీళ్లలో నిప్పాణి ఆమె మీద మాత్రం 1982లోనే ఒక సినిమా వచ్చింది. తీసినవాళ్లలో కూడా ఆడవాళ్లే ఎక్కువ.

ఆ సినిమా పేరు 'తంబాకు చాకిల ఊబ్ ఆలీ'. మరాఠీ. నిడివి అరగంట కూడా లేదు. నలుపు తెలుపు. హైదరాబాద్‌లో పుట్టిన దీపా ధన్‌రాజ్, ఆభా భయ్యా, మీరా రావు, నవ్‌రోజ్ కాంట్రాక్టర్ కలిసి 1980లో 'యుగాంతర్' పేరుతో ఒక బృందం కట్టారు. కెమెరా నవ్‌రోజ్‌ది. పొగాకు దుమ్ముతో నిండిన కార్ఖానాల్లో పనిచేసే ఆడవాళ్లు సంఘం పెట్టుకుని సమ్మెకు దిగిన కథ అది. బృందం నెలల తరబడి ఆ కార్మికుల మధ్యే ఉంది. ఏం చూపాలి, ఎట్ల చూపాలి అన్నది వాళ్లతో కూర్చుని తేల్చుకుంది. జరిగిపోయిన సమ్మె ఘట్టాలను ఆ ఆడవాళ్లే మళ్లీ నటించి చూపారు. అప్పటి డాక్యుమెంటరీ అంటే వెనక నుంచి ఒక మగ గొంతు గంభీరంగా అన్నీ విడమర్చి చెప్పడం. ఇక్కడ చెప్పేది కార్మికులే. కూలి గురించి, మేస్త్రీల చేష్టల గురించి, సంఘం మీటింగుకు పోయి వచ్చిన రాత్రి ఇంట్లో అయిన లొల్లి గురించి వాళ్లే మాట్లాడతారు.

పొగాకు సినిమా ఎక్కింది. మరి బీడీ?

వెయ్యి బీడీల లెక్క

వెయ్యి బీడీలు చుడితే ఇంత అని కూలి. ఆ వెయ్యి కావాలంటే ముందు ఆకు తడపాలి. రేకు అచ్చు పెట్టి కత్తెరతో కత్తిరించాలి. చిటికెడు జర్దా పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడవాలి. 25 బీడీలకు ఒక కట్ట. నడుమ నడుమ లేచి పొయ్యి మీది కూర చూడాలి, పిల్లను ఎత్తుకోవాలి, నల్లా వస్తే బిందెలు పెట్టాలి. తీరా కార్ఖానాకు తీసుకుపోతే ఇది వదులైంది, అది పొట్టిగా ఉంది అని ఏజెంటు పక్కన పడేసినవాటికి పైసా రాదు. సిరిసిల్లలో మగవాళ్లు సాంచాల (మరమగ్గాల) మీద, ఆడవాళ్లు చేటల ముందు. మగ్గం పని ఆగిన నెలల్లో ఎన్ని ఇండ్లు ఈ చేట మీద నడిచాయో ఆ ఊరివాళ్లను అడిగితే తెలుస్తుంది. 2015లో ప్రభుత్వం పీఎఫ్ ఉన్న బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల భృతి మొదలుపెట్టింది, 2019లో దాన్ని 2,016 చేసింది. అంటే సర్కారు లెక్కలోకి ఈ పని వచ్చింది. తెలుగు తెర మీదికి రావడమే మిగిలింది.

ఈ ప్రాంతపు సినిమాలు లేవా అంటే ఉన్నాయి, మంచివే ఉన్నాయి. వేణు యెల్దండి తీసిన 'బలగం' (2023) సిరిసిల్ల పక్క పల్లెను ఊరూరా మెచ్చుకునేటట్టు చూపింది. చావింట్లో మూడోనాడు, అయిదోనాడు, పదకొండోనాడు జరిగే తంతును అంత దగ్గరగా ఏ తెలుగు సినిమా చూపలేదు. అయినా ఒకటి అడగాలనిపిస్తుంది. నల్లిబొక్క కాడ బావా బావమరుదులకు పంచాయితీ అయింది. ఏండ్ల తరబడి పుట్టింటి గడప తొక్కకుండా పోయింది మాత్రం ఆ ఇంటి ఆడబిడ్డ లక్ష్మి. ఆ ఏండ్లు ఆమె ఎట్ల గడిపింది? బతుకమ్మ పండుగకు తోటివాళ్లంతా తల్లిగారింటికి పోతుంటే ఏ మొహం పెట్టుకుని వాకిట్లో నిలబడింది? సినిమా ఆమెను చావు దగ్గర ఏడిపించి, చివర అన్నదమ్ములతో కలిపింది. నడిమి కాలం ఆమెది. అది తెర మీద లేదు. 'విరాటపర్వం'లో (2022) అడవి బాట పట్టిన వెన్నెల ఉంది. కానీ ఆమెను ఆ బాట పట్టించింది కవి మీద ప్రేమేనన్న చోట కథ ఇరుకైపోయింది.

మగవాళ్లు తీస్తే ఇంతే అనడానికి వీల్లేదు. 1988లో బి. నర్సింగరావు తీసిన 'దాసి' ఎదురుగా నిలబడి ఆ మాట అననివ్వదు. దొర గడీలో ఊడవడం, కడగడం, మోయడం, రమ్మన్నప్పుడు పోవడం, ఆఖరికి కడుపు కూడా దొర ఇష్టమే కావడం. అర్చన నోరు విప్పి చెప్పింది తక్కువ, ఆమె చేతులు చేసిన పని ఎక్కువ. ఆ పాత్రకు ఆమెకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. కళా దర్శకత్వానికి పురస్కారం అందుకున్న తోట వైకుంఠం పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి బిడ్డ. పెద్ద బొట్టు, ముదురు రంగు చీరల ఆడవాళ్లను జీవితమంతా గీసిన ఆయన కన్ను ఆ గడీ గోడల మీద కూడా పనిచేసింది. తెలంగాణ స్త్రీ శ్రమను అంత నిదానంగా చూసిన సినిమా తర్వాత మళ్లీ రాలేదని నా అభిప్రాయం.

పటేల్ షాట్, సంఘం షాట్

కెమెరా ఎక్కడ పెట్టాలి అన్న ప్రశ్నకు ఫిల్మ్ స్కూళ్లలో పుస్తకాల నిండా జవాబులున్నాయి. జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో చదువురాని దళిత మహిళలు రెండు మూడు మాటల్లో తేల్చేశారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో కెమెరా నేర్చుకున్నవాళ్లు వీళ్లు. పై నుంచి కిందికి చూసే షాట్‌కు వాళ్లు పెట్టుకున్న పేరు పటేల్ షాట్. కుర్చీలో కూర్చున్న పటేల్ కింద నిలబడ్డ కూలివాళ్లను చూసినట్టు. కింద నుంచి పైకి చూస్తే అది జీతగాడి చూపు. కళ్లకు సమంగా కెమెరా ఉంటే అది సంఘం షాట్, సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు కాబట్టి. వాళ్లు తీసేది ఎక్కువగా మూడోదే.

హుమ్నాపూర్ లక్ష్మమ్మ వంటి ఈ దర్శకులు తమ ఊళ్ల చిరుధాన్యాల కథలకే ఆగలేదు. 2002లో ప్రభుత్వం బీటీ పత్తికి అనుమతి ఇచ్చిన ఏడే వరంగల్ చేలల్లోకి కెమెరాలు మోసుకుపోయారు. ఒకనాడు వచ్చి ఇంటర్వ్యూ తీసుకుపోవడం కాదు. విత్తనం వేసిన కాడి నుంచి పత్తి ఏరే దాకా అదే రైతుల దగ్గరికి మళ్లీ మళ్లీ పోయారు. మొదటి నెల ఆశగా మాట్లాడిన మనిషే కోత నాటికి ఎట్ల మారాడో వాళ్లు తీసిన సినిమాలో మొహం చూస్తేనే అర్థమవుతుంది. ఎవుసం చేసే మనిషికి సీజన్ అంటే ఏమిటో తెలుసు. బహుశా అందుకే ఆ ఓపిక. అదే సంఘం ఆడవాళ్లు 2008లో రేడియో కూడా పెట్టారు.

మన దగ్గర కెమెరాలు తక్కువేం లేవు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 'మై విలేజ్ షో' ప్రపంచమంతా తిరుగుతోంది. కూలికి పోయి, బీడీలు చుట్టి పిల్లలను సాకిన మిల్కూరి గంగవ్వ ఈ రోజు ఉత్తర తెలంగాణ నుంచి తెర మీద అందరికన్నా ఎక్కువమంది గుర్తుపట్టే మనిషి. బిగ్‌బాస్ దాకా పోయింది, సినిమాల్లో వేసింది. ఆమె నోటి దురుసుకు, నవ్వుకు లోకం పడిపోయింది. ఆ షో నడిపేది ఊరి యువకులు, వాళ్లకు ఈ గౌరవం దక్కాల్సిందే. ఇక గంగవ్వ చేతికే కెమెరా ఇచ్చి, నువ్వు చూసిందేదో నువ్వే తియ్యి అంటే ఏం తీస్తుందోనని నాకు ఆశ.

బొంబాయి పోయినాయన, దుబాయ్ పోయినాయన

కరీంనగర్ నుంచి మగవాళ్లు వలస పోవడం కొత్త కాదు. బొంబాయి, భీవండి, షోలాపూర్, ఆ తర్వాత దుబాయ్, మస్కట్, సౌదీ. పోయినవాళ్ల మీద పాటలున్నాయి, కథలున్నాయి. ఉండిపోయిన ఆడవాళ్ల మీద సినిమా కావాలంటే సాయి పరాంజపే దగ్గరికి పోవాలి. ఆమె 1990లో తీసిన 'దిశ' మహారాష్ట్ర పల్లెది. మగవాళ్లు బొంబాయి మిల్లుకు పోతారు, ఊళ్లో మిగిలిన హంస (షబానా అజ్మీ) బీడీ కార్ఖానాలో పనికి కుదురుతుంది. చేతికి సొంత పైసలు వస్తాయి. కొన్నాళ్లకు మనసూ మారుతుంది. భర్త తిరిగొచ్చేసరికి ఇల్లు అదే, ఇంటామె వేరు. మన దర్శకులెవరైనా తీస్తే ఆఖరి రీలులో ఆమెను చంపేసేవాళ్లు, లేదంటే భర్త కాళ్ల మీద పడేసేవాళ్లు. పరాంజపే ఆమె మీద తీర్పు చెప్పదు. ఆమెతోపాటు గడపలో కూర్చుని, ఇక ఏం చేద్దామని చూస్తుంది. సిరిసిల్లలో ఈ సినిమా వేస్తే పాత్రల పేర్లు మాత్రమే కొత్తగా ఉంటాయి.

దుబాయ్ కథ తెలుగులోనే వచ్చింది, 2021 డిసెంబర్‌లో. సుజనా రావు మొదటి సినిమా 'గమనం'. హైదరాబాద్ వరద రాత్రి మూడు కథలు. అందులో శ్రియ వేసిన కమల చెవులు వినపడని మనిషి, కుట్టుపని చేసుకుంటూ పసిబిడ్డతో బస్తీలో ఉంటుంది. మొగుడు దుబాయ్‌లో ఉన్నాడు, వస్తాడు అనుకుంటుంది. అతను మరో దారి చూసుకున్నాడు. జగిత్యాలలో, నిర్మల్‌లో ఎన్ని ఇళ్లలో ఫోన్ మోగకుండా ఉంటుందో తెలిసినవాళ్లకు ఆ బస్తీ గది కొత్తగా అనిపించదు. సినిమా నిండా కన్నీళ్లు కొంచెం ఎక్కువే, మూడు కథలు ఒకదాన్నొకటి తోసుకున్నాయి. అయినా గల్ఫ్ భార్యను ఒక తెలుగు దర్శకురాలు కథ నడిమధ్యలో కూర్చోబెట్టింది.

ఇదే కథ పాయల్ కపాడియా చేతిలో పడితే? 2024లో కాన్స్‌లో గ్రాండ్ ప్రి గెలిచిన 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్' చూడండి. ముప్పై ఏండ్ల తర్వాత కాన్స్ పోటీ విభాగంలో చోటు దొరికిన భారతీయ సినిమా అది. దేశంలో దాన్ని విడుదల చేసింది మన రానా దగ్గుబాటి సంస్థ. ముంబైలో మలయాళీ నర్సు ప్రభ. పెళ్లయిన కొద్ది రోజులకే భర్త జర్మనీ పోయాడు, మాట్లాడక చాలా కాలమైంది. ఒకనాడు జర్మనీ నుంచి ఒక రైస్ కుక్కర్ వస్తుంది. ఉత్తరం లేదు, పేరు లేదు. రాత్రి ఆమె ఆ కుక్కర్‌ను దగ్గరికి తీసుకుని కూర్చుంటుంది. ఆ ఒక్క దృశ్యంలో గల్ఫ్ పార్సిళ్ల చరిత్రంతా ఉంది. మన పల్లెలకూ కంబళ్లు, సెంటు సీసాలు, టేప్‌రికార్డర్లు అట్లనే వచ్చాయి, మనిషి రాకున్నా.

అదే సినిమాలో పార్వతి అనే వంటామె ఉంది. మిల్లు కార్మికుడి భార్య. భర్త పోయాడు, ఏండ్లుగా ఉంటున్న గది తనదే అని చూపడానికి కాగితం లేదు. బిల్డర్ వచ్చి ఖాళీ చెయ్యమంటాడు.

కాగితం దగ్గర ఆదిలాబాద్ కథ మొదలవుతుంది.

పాస్‌బుక్కు ఎవరి పేరు మీద

పత్తి పండే జిల్లా. నల్లరేగడి. పెన్‌గంగ అవతల యవత్‌మాల్, ఇవతల ఆదిలాబాద్. రెండు ఒడ్లలోనూ పురుగుమందు తాగిన రైతుల ఇళ్లలో ఆడవాళ్లు ఒకే ప్రశ్న ఎదుర్కొంటారు: ఇది రైతు ఆత్మహత్యేనా? మన దగ్గర ఆ మాట తేల్చడానికి 2004 నాటి 421 జీవో కింద ముగ్గురు అధికారుల కమిటీ ఉంటుంది: ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీ. పాస్‌బుక్కు చూపాలి, అప్పు పత్రాలు చూపాలి. కౌలు రైతుకు పాస్‌బుక్కు ఉండదు, వడ్డీ వ్యాపారి కాగితం ఇయ్యడు. 2015లో సాయం ఆరు లక్షలకు పెరిగింది, 2018లో అయిదు లక్షల రైతుబీమా వచ్చింది. అదీ పట్టాదారుకే. మొగునితో సమానంగా పత్తి ఏరిన మనిషి పేరు ఆ కాగితాల్లో నామినీ గడిలో తప్ప కనపడదు.

ఈ కమిటీల లోకాన్ని నవ్విస్తూ చూపింది అనూషా రిజ్వీ, 'పీప్లీ లైవ్'లో (2010). ఆత్మహత్య చేసుకుంటానన్న రైతు నత్థా చస్తాడా లేదా అని టీవీ వ్యాన్లు ఊరు చుట్టూ మూగుతాయి. ఆఖరికి చచ్చింది అతనే అనుకుంటారు, కానీ అది ప్రమాదమని తేలుతుంది. ప్రమాదానికి పరిహారం లేదు. భార్య ధనియా మొహం మీద కెమెరా ఒక్క క్షణం ఆగుతుంది. అంతసేపూ నవ్వినవాళ్లకు అక్కడ నవ్వు ఆగిపోతుంది. డాక్యుమెంటరీల్లో దీపా భాటియా 'నీరోస్ గెస్ట్స్' (2009) జర్నలిస్టు పాలగుమ్మి సాయినాథ్ వెంట విదర్భ ఇళ్లకు తీసుకుపోతుంది. నందన్ సక్సేనాతో కలిసి కవితా బహల్ తీసిన 'కాటన్ ఫర్ మై ష్రౌడ్' (2011) జాతీయ పురస్కారం కూడా అందుకుంది. ఇవి పెన్‌గంగ అవతలి కథలు. ఇవతలి ఒడ్డుకు వాటిని దాటించాల్సినవాళ్లం మనం.

ఇక మన పరిశ్రమ సంగతి. 1953లో భానుమతి 'చండీరాణి' తీసింది. 1968లో సావిత్రి 'చిన్నారి పాపలు' సినిమాకు కథ, సంగీతం, కళ, నృత్యం అన్నీ ఆడవాళ్లకే అప్పజెప్పింది, చేతులు కాల్చుకుంది. విజయనిర్మల తెలుగులో 1973లో యద్దనపూడి నవలతో 'మీనా' తీసి మొదలుపెట్టి 44 సినిమాలతో గిన్నిస్‌కెక్కింది. బి. జయ, నందినీరెడ్డి, లక్ష్మీ సౌజన్య వరకు వరుస సాగుతూనే ఉంది. 'ఓ బేబీ'లో (2019) ముసలి వితంతువుకు వయసు తిరిగి రావడం అనే ముచ్చటను నందినీరెడ్డి కొంటెగా, ధైర్యంగా నడిపింది. వీళ్లెవరినీ తక్కువ చేయలేను. కానీ మన వాణిజ్య సినిమాలో దర్శకురాలికి దొరికేది పెళ్లి కథ, ప్రేమ కథ. సాంచాలు, కల్లాలు, కార్ఖానాలు ఆమె దాకా రానివ్వరు. నిర్మాత ఒప్పుకోడు.

తెలుగులో తీసిందొకటి

యుగాంతర్ నాలుగు సినిమాల్లో ఒకటి తెలుగులో ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. 'ఇది కథ మాత్రమేనా', 1983. హైదరాబాద్‌లోని స్త్రీ శక్తి సంఘటన సభ్యులతో కలిసి తీసింది. ఇంట్లో భార్య మీద సాగే హింస, ఆమెలో పేరుకునే కుంగుబాటు, మరో ఆడమనిషి స్నేహంలో దొరికే ఊపిరి. నటులు కావలసిన చోట సంఘటన సభ్యులే నిలబడ్డారు. మాటలు ముందుగా రాసుకున్నవి కావు, మీటింగుల్లో తమ తమ బతుకుల గురించి మాట్లాడుకున్నవాటిలోంచి పుట్టినవి. వరకట్న హింసకు శిక్షాస్మృతిలో 498ఎ సెక్షన్ చేరింది ఆ ఏడే. చట్టం ఒక పక్క నుంచి, సినిమా ఒక పక్క నుంచి ఇంటి తలుపు తట్టాయి. ఇదే సంఘటన ఆడవాళ్లు తర్వాత తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలు సేకరించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' వేశారు. ఆ పుస్తకం ఎంతోమంది చదివారు. సినిమా మాత్రం డబ్బాల్లో ఉండిపోయింది. బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ చేయి వేశాక యుగాంతర్ రీళ్లు బాగుపడి మళ్లీ వెలుగు చూశాయి.

ఆ రోజుల్లో ఆ బృందం 16 ఎంఎం ప్రొజెక్టర్ మోసుకుని బస్తీలకు, సంఘాల ఆఫీసులకు పోయేది. సినిమా అయ్యాక చర్చ, చర్చ అయ్యాక ఇంకో ఊరు. మన దగ్గర కరీంనగర్ ఫిల్మ్ సొసైటీ చేసిందీ దాదాపు అదే పని. కఫిసో అంటారు, సొంత ఫిల్మ్ భవన్ ఉంది. గుల్జార్ కవిత్వాన్ని తెలుగు చేసి సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం అందుకున్న వారాల ఆనంద్ ఈ ఉద్యమాన్ని దశాబ్దాలుగా భుజాన వేసుకున్నారు, కాలేజీ పిల్లల దాకా తీసుకుపోయారు. ఒక జిల్లా కేంద్రంలో ప్రపంచ సినిమా గురించి వాదులాడుకునే మనుషులు తయారయ్యారంటే అది చిన్న పని కాదు. ఒక్క ఫిర్యాదు. ఫిల్మ్ సొసైటీ ఎక్కడిదైనా ప్రదర్శన సాయంత్రమే. అది ఆడవాళ్లు పొయ్యి దగ్గర, చేట దగ్గర ఉండే వేళ. హాల్లో ముందు వరుసల నుంచి వెనక వరుసల దాకా లెక్క పెడితే మగవాళ్లు ఎందరో, ఆడవాళ్లు ఎందరో చెప్పనక్కర్లేదు. ఈ సినిమాలు మధ్యాహ్నం రెండింటికి వేయాలి, బీడీ కార్ఖానా పక్కనే వేయాలి. చుట్టేవాళ్లు చుట్టుకుంటూ చూస్తారు. మన ఆడవాళ్లు రెండు పనులు ఒక్కసారే చేయలేని రోజు ఏనాడూ లేదు.

'ఇది కథ మాత్రమేనా' కోరుట్లలో వేస్తే ఎవరూ ఎవరికీ విప్పి చెప్పాల్సింది ఉండదు. నిప్పాణి సినిమా ఆదిలాబాద్ జిల్లా బేల, జైనథ్ వైపు తీసుకుపోవచ్చు. అక్కడ ఎన్నో ఇళ్లలో మరాఠీయే మాట్లాడతారు, సబ్‌టైటిళ్ల పనే లేదు. ప్రొజెక్టర్ కూడా ఇప్పుడు చేతి సంచీలో పడుతుంది.